అది ఏ రోజు విమానం?

పోయిన సెమిస్టర్‌లో మా కాలేజీ ఫెస్ట్‌లో హాబీల స్టాల్ ఒకటి పెట్టారు. ఒకడు స్టాంపులు తెచ్చాడు, ఒకమ్మాయి పేపర్ బొమ్మలు తెచ్చింది, నేను విమానం తెచ్చాను. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ విమానం. మూడు రెక్కలు, తోక చివర తప్ప ఒళ్లంతా ఎరుపు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, మా కాలేజీలో మోడల్ కిట్లు కట్టేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే ఎక్స్‌పర్ట్‌ని. దాని ముందు స్టైల్‌గా ఒక కార్డు కూడా పెట్టాను: ఫోకర్ డీఆర్-1, రెడ్ బేరన్ ఆఖరి విమానం, 1918 ఏప్రిల్ 21.

మధ్యాహ్నం ఒక జూనియర్ వాళ్ల తాతగారు వచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల రిపేర్ పని చేసి రిటైర్ అయ్యారట. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, వంగి, చాలాసేపు చూశారు. ఇది ఏ రోజు విమానం బాబూ అని అడిగారు. నేను కార్డు చూపించాను. ఆ రోజుకి రెక్కల మీద శిలువలు ఇలా ఉండకూడదనుకుంటా, ఒకసారి చూసుకోమ్మా అని మెల్లగా చెప్పి, నా భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చూసుకున్నాను. ఆయన చెప్పిందే కరెక్ట్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాల మీద మొదట్లో చివర్లు వెడల్పుగా, వంపు తిరిగి ఉండే ఇనుప శిలువ గుర్తు ఉండేది. 1918 మార్చిలో దాన్ని తీసేసి, తిన్నగా ఉండే నిలువు అడ్డ గీతల శిలువ వేయమని ఆర్డర్ వచ్చింది. అంటే ఏప్రిల్ 21 నాటికి ఆ విమానం మీద ఉన్నది కొత్త శిలువ. నేను అతికించింది పాత శిలువ. కిట్ డబ్బా మీద బొమ్మలో కూడా పాతదే ఉంది, నేను గుడ్డిగా దాన్నే ఫాలో అయిపోయాను.

మా సీఎస్ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, విమానం అనేది ఒక్క ఫైల్ కాదు. దానికి వెర్షన్లు ఉంటాయి. ఈ వారం రెక్క మార్చారు, వచ్చే నెల రంగు వేశారు, ఆ పై నెల గుర్తు మార్చారు. మోడల్ కట్టేవాడు అందులో ఒక రోజుని ఎంచుకుని, ఆ రోజు అది ఎలా ఉందో అలాగే కట్టాలి. నేను ఒక వెర్షన్ కోడ్‌కి ఇంకో వెర్షన్ తేదీ వేసి సబ్మిట్ చేశాను.

సరే, శిలువలు మార్చేద్దామని మొదలుపెట్టాను. ఇల్లు అలకగానే పండగ కాదు కదా! శిలువ కోసం వెతికితే విమానం గురించి చదవాల్సి వచ్చింది, విమానం గురించి చదివితే మనిషి గురించి చదవాల్సి వచ్చింది. ఆ మనిషి కథే ఇది. నాది ఇంగ్లిష్ మీడియం తెలుగు, అక్కడక్కడా తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

గుర్రం మీంచి

అసలు పేరు మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్టోఫెన్. 1892 మే 2న బ్రెస్లావ్‌లో పుట్టాడు. అప్పట్లో అది జర్మనీ, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న వ్రోత్స్వాఫ్ నగరం. కుటుంబానికి పాతకాలపు జమీందారీ బిరుదు ఉంది. జర్మన్‌లో ఫ్రైహెర్ అంటారు, దానికి దగ్గరగా ఇంగ్లిష్‌లో బేరన్ అన్నారు. అందులోంచి వచ్చిందే రెడ్ బేరన్. అక్క ఇల్సె, తమ్ముళ్లు లోటార్, బోల్కో.

నాన్న సైన్యంలో ఆఫీసర్. పదకొండేళ్లకే మాన్‌ఫ్రెడ్‌ని సైనిక స్కూల్లో వేశారు. అక్కడికి వెళ్లాలని వాడేం కోరుకోలేదు, నాన్న పంపించాడు, వెళ్లాడు. ఈ లైన్ చదివినప్పుడు మాలో చాలామందికి ఎంసెట్ కోచింగ్ గుర్తొస్తుంది. చదువులో పాస్ అయ్యేంత మాత్రమే చదివేవాడు. చెట్లెక్కడం, జిమ్నాస్టిక్స్, గుర్రాలు, వేట, వీటిల్లో మాత్రం ముందుండేవాడు. ఒకసారి ఫ్రెండ్‌తో కలిసి చర్చి గోపురం పైదాకా ఎక్కి, పిడుగు పడకుండా పెట్టే ఇనుప కడ్డీకి జేబురుమాలు కట్టి దిగాడు. చాలా ఏళ్ల తర్వాత కూడా అది అక్కడే ఉందని తన పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు.

చదువు అయ్యాక అశ్విక దళంలో చేరాడు. ఈటెలు పట్టుకుని గుర్రాల మీద వెళ్లే ఉలాన్ రెజిమెంట్ అది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. మొదట తూర్పున రష్యా సరిహద్దులో, తర్వాత పడమట బెల్జియం, ఫ్రాన్స్ వైపు గుర్రం మీద తిరిగి శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం అతని పని. కొన్ని నెలల్లోనే రెండు వైపులా కందకాలు తవ్వుకుని, ముళ్ల తీగలు కట్టి, మెషిన్ గన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఇంక గుర్రం ఎక్కడికి పోతుంది? అతన్ని వెనకాల సరుకులు, సమాచారం పంపే పనుల్లో వేశారు. అది నచ్చక, విమాన దళానికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. 1915 మే చివర్లో అక్కడికి మారాడు.

ఆకాశం మీద ప్రేమతో వెళ్లాడనుకుంటాం. కానీ కాదు, గుర్రం మీద చేయాల్సిన పనే విమానంలోంచి చేయొచ్చని వెళ్లాడు. మొదట పైలట్ కూడా కాదు. వెనక సీట్లో కూర్చుని కింద ఏముందో చూసి రాసుకునే అబ్జర్వర్.

గురువు

1915 అక్టోబర్‌లో ఒక రైల్లో ఓస్వాల్డ్ బోల్కె కనిపించాడు. అప్పటికే జర్మనీ అంతా తెలిసిన ఫైటర్ పైలట్. చూడటానికి మాత్రం మామూలు కుర్రాడు. ఇతను అన్ని విమానాలు ఎలా కూలుస్తున్నాడా అని రిష్టోఫెన్‌కి ఆశ్చర్యం వేసింది. ఆ ప్రయాణం తర్వాతే పైలట్ కావాలని గట్టిగా పట్టుకున్నాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. 1915 అక్టోబర్ 10న మొదటిసారి ఒంటరిగా ఎగిరి, దిగేటప్పుడు విమానాన్ని విరగ్గొట్టేశాడు. తర్వాత పరీక్షలో కూడా వెంటనే గట్టెక్కలేదు. ఆ ఏడాది క్రిస్మస్ రోజు చివరి పరీక్ష పాసయ్యాడు. చరిత్రలో అందరికన్నా ఎక్కువ పేరున్న ఫైటర్ పైలట్ మొదటి ల్యాండింగ్ అలా ఉంది. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లందరూ ఈ పేరాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు.

1916 ఆగస్టులో బోల్కె కొత్త ఫైటర్ దళం కోసం పైలట్లని ఎంచుకోవడానికి తూర్పు వైపు వచ్చాడు. అప్పుడు రిష్టోఫెన్ అక్కడ బాంబులు వేసే పనిలో ఉన్నాడు. బోల్కె అతన్ని తీసుకెళ్లాడు. ఆ దళం పేరు యాస్టా 2. బోల్కె దగ్గర లెక్కగా రాసిపెట్టిన సూత్రాలుండేవి. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని దాడి చెయ్యి, దగ్గరికి వెళ్లేదాకా కాల్చకు, శత్రువు మీద చూపు తిప్పకు, వాడి వెనక నుంచే వెళ్లు, ఇలాంటివి. రిష్టోఫెన్ గాల్లో గిరికీలు కొట్టే రకం కాదు. చివరిదాకా ఈ సూత్రాల్నే వేటగాడి ఓపికతో పాటించాడు.

1916 సెప్టెంబర్ 17న మొదటి విజయం. బ్రిటిష్ ఎఫ్.ఈ.2బి విమానం, నంబర్ 7018. వింత ఆకారం దానిది. ఇంజిన్ వెనకుంటుంది, ముందు తొట్టిలాంటి దాంట్లో అబ్జర్వర్ నిలబడి తుపాకీ కాలుస్తాడు. ఆ విమానంలో ఉన్న ఇద్దరూ ఆ రోజే చనిపోయారు. రిష్టోఫెన్ పక్కనే తన విమానం దించి, పరిగెత్తుకుంటూ వెళ్లి చూశాడు. తర్వాత వాళ్ల సమాధి మీద ఒక రాయి పెట్టించానని రాసుకున్నాడు. ఆ ఇద్దరి పేర్లూ చివర్లో చెప్తాను.

ఆ తర్వాత బెర్లిన్‌లో ఒక నగల వ్యాపారికి ఆర్డర్ ఇచ్చాడు. చిన్న వెండి కప్పు, దాని మీద విజయం నంబర్, కూల్చిన విమానం రకం, అందులో ఎంతమంది ఉన్నారు, తేదీ. ప్రతి విజయానికీ ఒక కప్పు. ప్రతి పదోదీ కొంచెం పెద్దది. ఒక రకంగా లాగ్ ఫైల్, వెండితో రాసుకున్న లాగ్ ఫైల్.

అక్టోబర్ 28న గురువు పోయాడు. శత్రువు చేతిలో కాదు. డాగ్‌ఫైట్ మధ్యలో సొంత దళంలోని ఎర్విన్ బోమె విమానం చక్రాలు బోల్కె రెక్కకి తగిలాయి, అంతే. అంత్యక్రియల్లో గురువు పతకాలున్న దిండు మోసింది రిష్టోఫెన్.

నవంబర్ 23న లనో హాకర్ ఎదురయ్యాడు. బ్రిటన్ అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ పొందిన పైలట్. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ కిందకి దిగారు. హాకర్ తన వైపు వెళ్లిపోవడానికి తిరిగిన క్షణంలో తూటా తలకి తగిలింది. రిష్టోఫెన్‌కి అది పదకొండోది. హాకర్ విమానంలోని తుపాకీని తెచ్చి తన గది తలుపు పైన తగిలించుకున్నాడు.

ఎరుపు

1917 జనవరిలో రెండు జరిగాయి. పదహారు విజయాలకి ప్రష్యా రాజ్యపు గొప్ప పతకం పూర్ ల మెరిట్ వచ్చింది. యాస్టా 11 అనే దళానికి నాయకుడయ్యాడు. అప్పటిదాకా ఆ దళం ఒక్క విమానాన్నీ కూల్చలేదు.

అప్పుడే తన అల్బాట్రాస్ విమానానికి ఎరుపు రంగు వేయించాడు. ఎందుకు? శత్రువుని భయపెట్టడానికని కొందరు, పాత రెజిమెంట్ రంగు అని కొందరు అంటారు. అతను మాత్రం ఏదో ఒక రోజు అలా బుద్ధి పుట్టింది, వేయించాను అన్నట్టే రాశాడు. దళంలో మిగతావాళ్లు కూడా తమ విమానాలకి కొంత ఎరుపు వేసి, గుర్తుపట్టడానికి ఎవరి రంగు వాళ్లు కలుపుకున్నారు. తమ్ముడు లోటార్ చేరాక అతనిది పసుపు.

ఇక్కడ మోడల్ కట్టేవాళ్లు పడే అవస్థ ఒకటి చెప్పాలి. ఆ కాలం ఫొటోలన్నీ నలుపు తెలుపు. అందులోనూ అప్పటి ఎక్కువ ఫిల్ములకి ఎరుపు కాంతి సరిగ్గా తెలిసేది కాదు. ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగా కనిపిస్తుంది. ఫొటోలో నల్లగా ఉంది కదా అని నలుపు వేస్తే అయిపోయాం. డేటా పోయిన ఇమేజ్ నుంచి అసలు రంగు వెనక్కి తేవడం లాంటిది. ఫొటో ఒక్కటే చాలదు, చూసినవాళ్లు రాసిన రిపోర్టులు, ఉత్తరాలు, మిగిలిన గుడ్డ ముక్కలు అన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. గుడ్డ ముక్క కూడా నూరేళ్లలో రంగు మారి ఉంటుంది.

ఇంకో చిక్కు. జనవరి 24న ఎగురుతుండగా అతని అల్బాట్రాస్ డి-3 కింది రెక్క చీలింది. ఎలాగో దించాడు. ఆ రకం విమానంలో కింది రెక్కకి ఒకటే దూలం ఉండేది, స్పీడ్‌గా డైవ్ చేస్తే మెలితిరిగిపోయేది. తర్వాత కొన్ని వారాలు వేరే రకం విమానంలో ఎగిరాడు. అందుకని ఫలానా విజయం అని పేరు పెట్టి ఎర్ర డి-3 కట్టేముందు, ఆ తారీఖున అతను ఎందులో ఉన్నాడో చూసుకోవాలి. తాతగారి ప్రశ్నే మళ్లీ.

ఏప్రిల్‌లో ఆరాస్ దగ్గర పెద్ద యుద్ధం. బ్రిటిష్ వాళ్ల పాత, నిదానమైన విమానాలు ఫొటోలు తీయడానికీ, ఫిరంగులకి గురి చెప్పడానికీ రోజూ రావాల్సిందే. జర్మన్ల దగ్గర కొత్త ఫైటర్లు. ఆ ఒక్క నెలలో బ్రిటిష్ వాళ్లు రెండు వందలకి పైగా విమానాలు పోగొట్టుకున్నారు. ఆ నెలకి నెత్తుటి ఏప్రిల్ అని పేరు పడింది. రిష్టోఫెన్ ఒక్కడే ఇరవైకి పైగా కూల్చాడు, 29వ తేదీ ఒక్క రోజే నాలుగు. గురువు లెక్క నలభైని దాటేశాడు. నెలాఖరుకి 52.

జర్మనీలో అతని ఫొటో పోస్ట్‌కార్డులు అమ్ముడుపోయాయి. ఆత్మకథ రాయించారు, అదే ఏడాది అచ్చయింది, సైన్యం వాళ్లు చూసి సరిచేశాకే. జూన్‌లో నాలుగు దళాలు కలిపి ఒక పెద్ద దళం చేసి అతని చేతికిచ్చారు. రంగురంగుల విమానాలతో, రైళ్ల మీద ఊరూరూ మారుతుండేది కాబట్టి శత్రువులు దాన్ని ఎగిరే సర్కస్ అన్నారు.

తలకి తగిలిన తూటా

1917 జూలై 6. రెండు సీట్ల బ్రిటిష్ విమానాల గుంపు మీదకి వెళ్తున్నాడు. ఇంకా చాలా దూరం ఉంది, ఇంత దూరం నుంచి ఏం తగులుతుందిలే అనుకున్నాడు. తల మీద దెబ్బ. కళ్లు కనిపించలేదు, కాళ్లూ చేతులూ కదల్లేదు, విమానం కిందకి పడిపోతోంది. కాసేపటికి చూపు మసగ్గా వచ్చింది. ఎలాగో దించి, ముళ్ల పొదల్లో పడిపోయాడు.

మూడు వారాలు కూడా కాకముందే దళానికి తిరిగొచ్చాడు. గాయం మానలేదు. మళ్లీ ఎగిరిన రోజుల్లో వాంతులు, తలనొప్పులు. ఆసుపత్రి ఫొటోల్లో తలకి తెల్ల కట్టుతో, నర్సు పక్కన నిలబడి ఉంటాడు. పోస్ట్‌కార్డుల మీది ముఖం కాదు అది.

ఇంటికొచ్చినప్పుడు మాట తగ్గిందని తల్లి గమనించింది. తర్వాత రాసుకున్న కొన్ని పేజీల్లో, తన పుస్తకంలోని ఆ గర్వం ఇప్పుడు తనకే నచ్చడం లేదని, ప్రతి పోరాటం తర్వాత మనసు బాగుండడం లేదని రాశాడు. నేల మీద పని చూసుకోమని పైవాళ్లు చెప్పారు. కందకాల్లో ఉన్న సిపాయికి అలాంటి ఛాయిస్ లేదు కదా, నాకెందుకు అని ఒప్పుకోలేదు.

మూడు రెక్కలు

ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ మూడు రెక్కల విమానం. ఫోకర్ డీఆర్-1. నిజానికి రెడ్ బేరన్ అనగానే గుర్తొచ్చే ఈ విమానంలో అతను సాధించింది 80 విజయాల్లో 19 మాత్రమే. మిగతావి ఎక్కువగా అల్బాట్రాస్‌లలో. మొదటి మూడు రెక్కల విమానం 1917 ఆగస్టు చివర్లో అతని చేతికొచ్చింది. సెప్టెంబర్ 1న అందులోనే అరవయ్యో విజయం. అది ఎర్ర విమానం కాదు. ఫ్యాక్టరీలో బ్రష్‌తో గీతలు గీతలుగా వేసిన ఆకుపచ్చ మీదే ఎగిరాడు.

ఆ అరవయ్యో దాంతోనే వెండి కప్పులు కూడా ఆగిపోయాయి. సముద్రం మీద బ్రిటిష్ దిగ్బంధంతో జర్మనీలో వెండి దొరకలేదు. వేరే లోహంతో చేస్తామంటే అతనే వద్దన్నాడు.

ఈ విమానం పొడవు ఆరు మీటర్లు కూడా లేదు. పై రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 7.19 మీటర్లు. నా మోడల్ స్కేల్ 1/72, అంటే రెక్క సరిగ్గా పది సెంటీమీటర్లకి వస్తుంది, స్కేలు పెట్టి కొలిచాను. చక్రాల మధ్య ఇరుసుకి కూడా చిన్న రెక్కలాంటి కవచం ఉంటుంది, లెక్కపెడితే మూడున్నర రెక్కలు. వేగం తక్కువే, కానీ పైకి ఎక్కడంలో, చటుక్కున తిరగడంలో దానికదే సాటి. ఇంజిన్ రోటరీ. అంటే ఫ్యాన్‌తో పాటు తొమ్మిది సిలిండర్ల ఇంజిన్ మొత్తం గిర్రున తిరుగుతుంది.

ఆ రోటరీ ఇంజిన్లకి మంచి లూబ్రికెంట్ ఏంటో తెలుసా? ఆముదం! మా పాలమూరు చేలల్లో పండే ఆముదమే. పెట్రోలులో తేలిగ్గా కలవదు కాబట్టి అదే సరిపోయేది. కాలిన ఆముదం పొగ పైలట్ ముఖానికి కొట్టేది, వాళ్ల కడుపుల సంగతి మా నాయనమ్మని అడిగితే చెప్తుంది. దిగ్బంధం వల్ల జర్మన్లకి ఆముదం కరువై, బదులు నూనె వాడాల్సి వచ్చింది, దాంతో ఇంజిన్లు మొరాయించేవి. నా స్టాల్ గురించి సరదాగా వాడుకున్న సామెతలోని చెట్టు ఇలా నిజంగానే కథలోకి వచ్చింది.

అక్టోబర్ చివర్లో రెండు రోజుల వ్యవధిలో ఇద్దరు పైలట్లు పై రెక్క ఊడిపోయి చనిపోయారు. విప్పి చూస్తే లోపల తేమ చేరి, అతుకులు వదిలాయి, పని నాసిగా ఉంది. అన్నింటినీ ఆపి, రెక్కలు గట్టిచేసి మళ్లీ వదిలారు. గ్లూ సరిగ్గా ఆరకముందే రెక్క అతికించి నేను రెండుసార్లు ఊడగొట్టుకున్నాను. నా టేబుల్ మీద అది ఒక విసుగు. అక్కడ అది ప్రాణం.

1918 ఏప్రిల్ 21

ఏప్రిల్ 20 సాయంత్రం కొద్ది నిమిషాల తేడాలో రెండు కూల్చాడు. 79, 80. ఎనభయ్యో పైలట్ బతికి, ఖైదీ అయ్యాడు.

మర్నాడు ఆదివారం. సోమ్ నది దగ్గర మామూలుగా గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. ఆ రోజు తూర్పు నుంచి వీస్తోంది. అంటే జర్మన్ విమానాల్ని శత్రువు వైపు తోస్తోంది.

అతని బంధువు వోల్ఫ్రామ్ ఆ రోజు కొత్తవాడు. పోరాటంలోకి దిగకుండా పక్కనే తిరగమని చెప్పారు. అవతల బ్రిటిష్ దళంలో విల్ఫ్రిడ్ మే అనే కెనడా కుర్రాడు కూడా కొత్తవాడే, అతనికీ అదే మాట చెప్పారు. ఇద్దరు కొత్తవాళ్లూ ఒకరికొకరు కనిపించారు. మే, వోల్ఫ్రామ్ మీదకి వెళ్లాడు. అది చూసి రిష్టోఫెన్, మే వెంట పడ్డాడు. అతని వెనక మే స్నేహితుడు, కెప్టెన్ రాయ్ బ్రౌన్.

మే నది వెంట చాలా కిందకి దిగి పారిపోతున్నాడు. గురువు చెప్పిన సూత్రాల్లో శత్రు భూమి మీద ఉన్నప్పుడు వెనక్కి వెళ్లే దారి మర్చిపోవద్దని కూడా ఉంది. ఆ రోజు రిష్టోఫెన్ మర్చిపోయాడు. ఎందుకో ఎవరూ చెప్పలేరు. తల గాయమా, అలసటా, ఆ ఎదురు గాలా. మార్లాంకూర్ గుట్ట మీదుగా, ఆస్ట్రేలియా సైనికుల తుపాకుల పైనుంచి వెళ్లాడు. ఒకే ఒక్క తూటా. కుడి పక్క నుంచి ఛాతీలోకి దూసుకుపోయింది. విమానాన్ని వో-సుర్-సోమ్ అనే ఊరి దగ్గర దుంపల పొలంలో దించాడు. సైనికులు చేరేసరికే ప్రాణం పోతోంది, లేదా పోయింది.

అప్పట్లో పేరు బ్రౌన్‌కి ఇచ్చారు. కానీ బ్రౌన్ కాల్చింది వెనక, ఎడమ, పై నుంచి. తూటా వెళ్లిన దారి అలా లేదు. అందుకే నేల మీద ఉన్న ఆస్ట్రేలియా మెషిన్ గన్ వాళ్లలో ఒకరిదే ఆ తూటా అని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతారు. సార్జెంట్ సెడ్రిక్ పాప్కిన్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. డీబగ్గింగ్‌లో చివరికి మిగిలేది ఇదే కదా: ఎర్రర్ వచ్చిన చోటు కాదు, అది వచ్చిన దారి చూడాలి.

అతనికి ఇంకో పదకొండు రోజుల్లో ఇరవై ఆరు నిండేవి.

ఆ తర్వాత

సైనికులు విమానాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు. 425/17 నంబర్ విమానం అది. ఇంజిన్ ఇప్పుడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. శిలువ ఉన్న గుడ్డ ముక్క కెనడాలోని టొరంటో చేరింది. ఇంకొన్ని భాగాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అతను నడిపిన ఇంకో డీఆర్-1 బెర్లిన్ మ్యూజియంలో ఉండేది, రెండో ప్రపంచ యుద్ధం బాంబుల్లో పోయింది. మొత్తం 320 తయారైతే అసలుది పూర్తిగా ఒక్కటీ మిగల్లేదు. ఎయిర్‌షోల్లో ఎగిరేవన్నీ తర్వాత కట్టినవే. అంటే అవి కూడా ఒక రకంగా మోడళ్లే, కాకపోతే 1/1 స్కేల్.

మర్నాడు బెర్టాంగ్ల్ ఊరి శ్మశానంలో అతన్ని పాతిపెట్టింది శత్రువులే. ఆస్ట్రేలియా దళం ఆఫీసర్లు శవపేటిక మోశారు, గాల్లోకి తుపాకులు కాల్చి వందనం చేశారు. సమాధి ఫొటో తీసి జర్మన్ వైపు విమానంలోంచి జారవిడిచారు. తర్వాత అతని అస్థికలు ఫ్రాన్స్‌లోనే ఇంకో చోటికి, 1925లో బెర్లిన్‌కి, 1975లో వీస్‌బాడెన్‌లోని కుటుంబ సమాధికి మారాయి. తమ్ముడు లోటార్ 40 విజయాలతో యుద్ధం దాటాడు కానీ 1922లో విమాన ప్రమాదంలోనే పోయాడు. ఆ రోజు అన్న కాపాడబోయిన వోల్ఫ్రామ్ బతికి, తర్వాత హిట్లర్ వాయుసేనలో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఎగిరే సర్కస్‌కి చివరి నాయకుడు హెర్మన్ గోరింగ్. ఒక పేరుని చనిపోయాక ఎవరెవరు వాడుకుంటారో ఆ మనిషి చేతిలో ఉండదు.

మళ్లీ నా టేబుల్ మీద

పాత శిలువల్ని తడి బడ్స్‌తో నానబెట్టి, గీకి తీసేశాను. కింద ఎరుపు కొంచెం పోయింది, మళ్లీ వేశాను. మాస్కింగ్ టేప్ సన్నగా కోసి కొత్త శిలువలు నేనే పెయింట్ చేశాను. తోక చుక్కాని తెల్లగా ఉండాలి, అది ముందే కరెక్ట్‌గా ఉంది. మూడు రాత్రులు పట్టింది. ఇప్పుడు కార్డు మీద తేదీ, విమానం ఒకటే చెప్తున్నాయి.

కానీ పూర్తయ్యాక షెల్ఫ్‌లో పెట్టి చూస్తుంటే ఏదో ఇబ్బందిగా అనిపించింది. పక్కన ఇంకో నాలుగు మోడళ్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని కింద పేరు, తేదీ. అతని వెండి కప్పులు కూడా ఇలాగే ఉండి ఉంటాయి. శిలువ వంపు తప్పైతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కప్పుల మీద విమానం రకం ఉంది, మనుషుల సంఖ్య ఉంది, పేర్లు లేవు. నేనూ ఎనభై అని నంబరే చెప్పుకుంటూ వచ్చాను, అది తప్పని అనిపించనే లేదు.

అందుకే పేర్లు వెతికాను. 1916 సెప్టెంబర్ 17న, ఆ 7018 నంబర్ విమానంలో ముందు నిలబడింది కెప్టెన్ టామ్ రీస్, వేల్స్ నుంచి వచ్చినవాడు, వయసు 21. పైలట్ లయనెల్ మోరిస్, వయసు 19.

నా వయసు కూడా 19.

తర్వాతి కిట్ ఎఫ్.ఈ.2బి. దాని తోక అంతా సన్నటి కర్రలూ తీగలూ, చాలా కష్టమని కట్టినవాళ్లు చెప్తున్నారు. కార్డు మాత్రం ముందే రాసి పెట్టుకున్నాను. అందులో విమానం నంబర్ ఉంది, తేదీ ఉంది, ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వచ్చే ఏడాది ఫెస్ట్‌కి ఆ తాతగారు మళ్లీ వస్తే, ఇది ఏ రోజు విమానం బాబూ అని అడిగితే, ఈసారి నా దగ్గర సమాధానం ఉంటుంది.